దుర్భాషలు: సామాజిక గౌరవము, వాక్స్వాతంత్ర్యము

వినువాని మనస్సునకు సిగ్గును గాని, ఏవగింపును గాని, అవమానమును గాని కలిగింపవలెనను తలంపుతో పలుకబడునదియు, అట్టి తలంపు లేకున్నను సంఘమర్యాదచే నలుగురిలో ఉచ్చరింపరానిదిగా ఎన్నబడునదియు అగు మాటకు దుర్భాష యని పేరు. బూతు, తిట్టు, శాపనార్థము, దూషణము అని తెలుగున వ్యవహరింపబడునవి దీని భేదములే గాని పర్యాయపదములు కావు. బూతు సిగ్గునకు సంబంధించినది. తిట్టు ఎదుటివాని నుద్దేశించునది. శాపనార్థము వానికి చేటు గోరునది. దూషణము వాని పుట్టుకను, కులమును, విశ్వాసమును కించపరచునది. వీనినన్నింటిని ఒకే గాటను గట్టుటవలన శాసనమునందును, సాహిత్యవిమర్శయందును పెక్కు చిక్కులు పుట్టినవి. సిగ్గును భంగపరచు మాటను శిక్షించుటలో చూపబడిన తొందర, మనుష్యుని నీచపరచు మాటను శిక్షించుటలో చిరకాలము చూపబడకపోవుట ఈ చిక్కులలో ముఖ్యమైనది.

స్వరూపము

తెలుగు తిట్లను పరిశీలించినచో అవి సంఘమునకు ఏయే విషయములందు భయమో, ఏయే విషయములందు సిగ్గో, ఎవరియెడల చులుకనయో తెలుపు పట్టికవలె కనబడును. తల్లిని, ఆలిని, అక్కచెల్లెండ్రను ముడిపెట్టి పలుకు బూతులు కుటుంబగౌరవము స్త్రీశీలమునందే నిలిచియున్నదను నమ్మకమునుండి పుట్టినవి. పాడె, వల్లకాడు, తద్దినము అను మాటలతో కూడిన శాపనార్థములు అమంగళభీతిపై ఆధారపడినవి. భర్త పోయిన స్త్రీ దురవస్థయే ఆడువారికి తిట్టై, తుదకు ‘వెధవ’ యను రూపమున మగవారికిని సంక్రమించినది. గ్రుడ్డి, కుంటి, చెవిటి, నత్తి యను అవయవలోపములును, ఊరికి దూరముగా నుంచబడిన కులముల పేళ్ళును తిట్లుగా వాడబడుట మరియొక తెగ. తుది రెండు తెగలలోను తిట్టుపాలయిన వ్యక్తి ఒక్కడే యైనను, అవమానము ఆ మాటతో గుర్తింపబడు సమూహమునకంతకును తగులుచున్నది.

అయినను మాట యొక్క బలము ధ్వనియందు లేదు. తల్లి కొడుకును ‘గాడిదా’ యని పిలిచినచో అది లాలన. పై అధికారి క్రింది ఉద్యోగిని అదే మాటతో పిలిచినచో అది పరాభవము. ఈడువారైన స్నేహితుల నడుమ ‘ఒరే’ యనునది చనవునకు గుర్తు. పెద్దకులమువాడు వయోవృద్ధుడైన పాలేరును అదే విధమున పిలిచినచో అది యెక్కువతక్కువల ప్రకటనము. అంతేకాక, శరీరావయవములకు దేశ్యపదములు బూతులుగా ఎన్నబడగా, వానికే సంస్కృత సమాసములు ప్రబంధములయందును, వైద్యగ్రంథములయందును నిస్సంకోచముగా చెల్లుచున్నవి. ఇట్లే తెలుగున నోట రానీయని మాటకు ఆంగ్లసమానార్థకమును చదువుకొన్నవారు పెద్దలయెదుటనే అలవోకగా పలుకుదురు. దుర్భాష యను ముద్ర అర్థముననుసరించి గాక, ఆ అర్థమును ఏ వర్గమువారి పలుకుబడి మోయుచున్నదో దాని ననుసరించి పడుచున్నదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఆలంకారికుల విచారము

భారతదేశమున ఈ విషయమును గూర్చిన శాస్త్రీయచర్చ న్యాయస్థానములకంటె ఎంతో ముందు అలంకారశాస్త్రమున జరిగినది. వామనుడు తన కావ్యాలంకార సూత్రవృత్తియందు అశ్లీలమును దోషములలో చేర్చి, అది వ్రీడను, జుగుప్సను, అమంగళభావనను కలిగించుటనుబట్టి మూడు విధములని చెప్పెను. మమ్మటుడు కావ్యప్రకాశమున ఈ విభాగమును గ్రహించి విస్తరించెను. ఓరుగల్లున కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున నుండిన విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున దోషప్రకరణమును రచించెను. ఆ గ్రంథము తెలుగుదేశపు పండితకుటుంబములలో పాఠ్యగ్రంథమగుటచే ఈ విచారము తరతరములకు అందినది. పైని పేర్కొన్న తెలుగు తిట్లలో పెక్కింటిని ఈ మూడు తెగలలోనే సర్దవచ్చును. కాని కులదూషణమునకు ఈ విభాగమున చోటు లేదు. సహృదయుడైన శ్రోత చెవికి కలుగు నొప్పిని ఆలంకారికులు లెక్కించిరి. మాటకు గురియైన వాని నొప్పి వారి విచారమునకు రాలేదు.

ఆలంకారికులు దోషమును చెప్పి ఊరకుండక, అపవాదములనుగూడ చెప్పిరి. అసభ్యార్థము అప్రసిద్ధమైనప్పుడును, లక్షణచే మాత్రమే తోచునప్పుడును, లోకవ్యవహారముచే మరుగుపడినప్పుడును దోషము లేదని వామనుని మతము. భగిని, భగవతి మొదలగు శబ్దములు అంతటను అంగీకృతములే యని దండి యంతకుముందే చెప్పియుండెను. మమ్మటుడు ఇంకను ముందుకు పోయి, పలుకువాడు, వినువాడు, ప్రకరణము అనువాని యౌచిత్యమునుబట్టి దోషమే ఒకచో గుణమగునని సిద్ధాంతీకరించెను. నీచపాత్రల సంభాషణమున గ్రామ్యత గుణమే. వైరాగ్యబోధయందు జుగుప్స గుణమే. దేహమును మలమూత్రముల తిత్తిగా నిందించు వేమన పద్యములను సమర్థించుటకు ఈ సూత్రము చాలును. నిషిద్ధపదముల పట్టిక గీచుటకంటె సందర్భమును విచారించుటయే ధర్మమను మాట ఆధునిక న్యాయమూర్తులకంటె సుమారు తొమ్మిది వందల ఏండ్లకు పూర్వమే ఈ దేశమున స్థిరపడినది.

ఆచారమున దుర్భాష

దుర్భాషకు సంఘమే కొన్ని వేళలందు అనుమతి నొసగినది. పెండ్లిలో వియ్యాలవారిపై పాడు పాటలయందు పరిహాసము, కొన్నిచోట్ల పచ్చిబూతు కూడ, వినోదముగా స్వీకరింపబడును. తిరుపతిలోని తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషములు ధరించిన భక్తులు ఎదురుపడినవారిని బూతులు తిట్టుట ఆచారము. తిట్లు తిన్నవారు కోపగింపరు, దానిని అమ్మవారి సేవలో భాగముగా భావింతురు. ఏడాదిపొడవున అణగియున్న మాటకు జాతర ఒక గడువును, ఒక ఎల్లను ఏర్పరచుచున్నది. ఆ ఎల్ల దాటినపిమ్మట అదే మాట తగవునకు మూలమగును.

మాటకు అలౌకికశక్తి కలదను విశ్వాసము తిట్టుకవిత్వమునకు పునాది. వేములవాడ భీమకవి పలికినది పలికినట్లు జరుగునని చెప్పు కథలు, కవికి కానుక లీయని ప్రభువులను భయపెట్టుటకు కవిలోకము కల్పించుకొన్న ఆయుధములుగా ఎన్నదగియున్నవి. 1656వ సంవత్సరమునాటి అప్పకవీయమున గణములకును, అక్షరములకును శుభాశుభఫలములు విచారింపబడుటకు కారణము ఇట్టి విశ్వాసమే. ఏ ఆయుధమును లేనివానికి తిట్టు ఆయుధమగుట పల్లెలలోను కద్దు. పంట దొంగిలింపబడిన ముసలిది వీధిలో నిలిచి దుమ్మెత్తిపోయుట న్యాయస్థానము గడప తొక్కలేనివారి ఫిర్యాదు.

తెలుగు సాహిత్యమున

కవిచౌడప్ప శతకము నీతిని, బూతును ఒకే కందపద్యమాలలో కూర్చి, రెండింటికిని సభలో చోటు కలదని వాదించినది. ఆంధ్ర నాయకరాజుల కాలమున శృంగారప్రబంధములు రాజసభలలో బహిరంగముగా చదువబడినవి. గురజాడ అప్పారావు కన్యాశుల్కమున అగ్నిహోత్రావధానుల నోట తిట్లను ధారాళముగా పలికించి, శాస్త్రములు వల్లించు నాలుకయే ఇంటివారిపై ఎట్లు విరుచుకుపడునో చూపెను. అచ్చటి తిట్టు రచయితది కాదు, పాత్రది. దానిని తొలగించినచో పాత్రయే కూలిపోవును.

వాక్స్వాతంత్ర్య చరిత్రలో ‘రాధికా సాంత్వనము’ కథ విశేషముగా పేర్కొనదగినది. 18వ శతాబ్దమున తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానమందలి విదుషి ముద్దుపళని రచించిన నాలుగాశ్వాసముల శృంగారకావ్యమిది. కందుకూరి వీరేశలింగము ఆంధ్ర కవుల చరిత్రమున ఆమె పాండిత్యము నంగీకరించుచునే, కావ్యమందలి పెక్కు భాగములు స్త్రీ నోట రాదగనివని గర్హించెను. బెంగుళూరు నాగరత్నమ్మ ప్రాచీన ప్రతులను సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారిచే ఆ కావ్యమును ప్రకటింపజేసెను. ఔచిత్యము, లజ్జ అనునవి స్త్రీలకే గాని పురుషులకు లేవా యనియు, అంతకంటె పచ్చిగా నున్న పురుషుల శృంగారకావ్యములు పండితుల మన్నన నెట్లు పొందినవనియు ఆమె యడిగిన ప్రశ్నలకు నేరుగా సమాధానము రాలేదు. మరుసటి ఏడాది ప్రభుత్వ అనువాదకుడు గ్రంథము అభ్యంతరకరమని చెప్పగా పోలీసులు ప్రతులను స్వాధీనము చేసికొనిరి. టంగుటూరి ప్రకాశము మదరాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా నుండిన 1946-47 ప్రాంతమున ఆ నిషేధము తొలగింపబడినది. 1952లో వావిళ్ళవారు కావ్యమును మరల ముద్రించిరి.

ఈ నిషేధము కేవలము పదములనుబట్టి జరిగినదని చెప్పుట కష్టము. ముద్దుపళనియు, నాగరత్నమ్మయు భోగమువారు; దేవదాసీవ్యవస్థను నిర్మూలింపవలెనను సంస్కరణోద్యమము సాగుచున్న దినములవి. ఉద్యమలక్ష్యము ధర్మబద్ధమే యైనను, ఆ తొందరలో భోగమువారి విద్యయు, వారి నోటి మాటయు నేరములుగా ఎన్నబడినవి. నాయికయే చొరవ చూపు శృంగారమును స్త్రీయే వ్రాయుట, స్త్రీయే ప్రకటించుట అను రెండు విషయములు ఆనాటి పెద్దలకు అసహ్యములైనవి.

అర్ధశతాబ్ది గడచినపిమ్మట నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అను ఆరుగురు దిగంబరకవులు బుద్ధిపూర్వకముగా అసభ్యపదములను కవిత్వమునకు తెచ్చిరి. వారి సంపుటములు 1965లో హైదరాబాదునందు రిక్షా కార్మికునిచేతను, 1966లో విజయవాడయందు హోటలు పనివానిచేతను, 1968లో విశాఖపట్టణమున బిచ్చగత్తెచేతను ఆవిష్కరింపబడినవి. భాషలోని కుళ్ళు సంఘములోని కుళ్ళునకు ప్రతిబింబమే యని వారి వాదము. ఆగ్రహము మితిమీరినచో పదము మొద్దుబారునని విమర్శకుల వాదము. వీరిలో నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు 1970లో పుట్టిన విప్లవ రచయితల సంఘమున చేరి, 1971లో నివారకనిర్బంధ శాసనము క్రింద అరెస్టయిరి. బూతును సహించిన ప్రభుత్వము రాజకీయమును సహింపలేదని పలువురు వ్యాఖ్యానించుటకు ఈ సంఘటన తావిచ్చినది.

శాసనము, రాజ్యాంగము

1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతి ఆంగ్లేయుల నీతిభావములను ఈ దేశమునకు తెచ్చినది. అశ్లీలగ్రంథ విక్రయమునకు 292వ సెక్షను, బహిరంగస్థలమున అశ్లీలపు పాటలకును మాటలకును 294వ సెక్షను, శాంతిభంగమును ప్రేరేపించు అవమానమునకు 504వ సెక్షను, స్త్రీ మర్యాదను భంగపరచు మాటకు 509వ సెక్షను వర్తించెడివి. 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయందు ఇవి వరుసగా 294, 296, 352, 79 సంఖ్యలుగల సెక్షనులైనవి. లాహోరున ప్రచురింపబడిన ఒక మతదూషణ కరపత్రమును గూర్చిన వ్యాజ్యము 1927లో ముద్దాయి విడుదలతో ముగియగా, పుట్టిన అలజడిని పురస్కరించుకొని అదే ఏడాది శిక్షాస్మృతికి 295-ఏ సెక్షను చేర్చబడినది. బుద్ధిపూర్వకమును, ద్వేషప్రేరితమును అగు మతావమానమునకు మాత్రమే ఇది వర్తించునని సుప్రీంకోర్టు 1957లో రామ్‌జీలాల్ మోదీ వ్యాజ్యమున తీర్చినది.

రాజ్యాంగము 19(1)(ఏ) అధికరణముచే పౌరులకు వాక్స్వాతంత్ర్యము నొసగి, 19(2) అధికరణముచే మర్యాద, నీతి, పరువునష్టము మొదలగు కారణములపై పరిమితులను అనుమతించినది. 1951 నాటి మొదటి సవరణచే శాంతిభద్రతలు, నేరప్రేరణ అనునవి ఆ కారణములలో చేరినవి. పరిమితి సమంజసమై యుండవలెనను నియమమును అప్పుడే చేరినది. వినువానికి నొప్పి కలుగుట మాత్రము ఆ పట్టికలో లేదు. ఈ హేతువును బలపరచుచునే సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున సమాచార సాంకేతిక శాసనపు 66-ఏ సెక్షనును కొట్టివేసినది; మిక్కిలి అభ్యంతరకరమైన సందేశము నేరమను ఆ సెక్షనులోని మాటలు ఎంత వెడల్పైనవనగా, వానిలో పట్టువడని అభిప్రాయ ముండదు.

అశ్లీల నిర్ణయమున న్యాయస్థానముల దృష్టి క్రమముగా మారినది. 1868లో ఇంగ్లండునందు హిక్లిన్ వ్యాజ్యమున ఏర్పడిన పరీక్ష ప్రకారము, దుష్ప్రభావమునకు లోనగు మనస్సులను చెరచు స్వభావ మున్నచో రచన అశ్లీలము. డి. హెచ్. లారెన్సు నవల ‘లేడీ చాటర్లీస్ లవర్’ను అమ్మిన బొంబాయి పుస్తకవిక్రేత రంజిత్ ఉదేశీ శిక్షను 1964లో సుప్రీంకోర్టు ఈ పరీక్షనే యనుసరించి స్థిరపరచినది. 1985లో సమరేశ్ బసు బెంగాలీ నవల ‘ప్రజాపతి’ విషయమున, మోటుతనము వేరు, అశ్లీలము వేరు అని అదే కోర్టు విభజించినది. మోటుమాట ఏవగింపును కలిగింపవచ్చును గాని పాఠకుని చెరుపదని దాని భావము. 2014లో అవీక్ సర్కార్ వ్యాజ్యమున హిక్లిన్ పరీక్షను విడిచి, సమకాలిక సమాజ ప్రమాణమును స్వీకరించినది. 2024లో ‘కాలేజ్ రొమాన్స్’ అను ధారావాహికమును గూర్చిన తీర్పున, బూతుమాటలు తరచుగా కోపమును, విసుగును, ఉద్వేగమును తెలుపునే గాని వాచ్యార్థమును తెలుపవనియు, అందుచే అవి తమంతట అశ్లీలములు కావనియు చెప్పినది. అభిధను కాదని వక్తృతాత్పర్యమును గ్రహించు ఈ తీర్పు మమ్మటుని త్రోవకు ఎంత దగ్గరగా వచ్చినదో పోల్చి చూడదగును.

అమెరికాలో యుద్ధమునకు బలవంతపు సైనికసేకరణను బూతుమాటతో నిరసించు వ్రాత గల కోటు తొడిగి లాస్ ఏంజిలెస్ న్యాయస్థాన భవనమునకు వచ్చిన కోహెన్ అనువాని శిక్షను అచ్చటి సుప్రీంకోర్టు 1971లో రద్దు చేసినది. పదము భావమునే గాక ఆవేశమును కూడ మోయుననియు, ఆవేశమును మినహాయించిన వాక్స్వాతంత్ర్యము అసంపూర్ణమనియు దాని సారాంశము. కాని అదే కోర్టు 1942లో చాప్లిన్‌స్కీ వ్యాజ్యమున, ఎదుటివానిని తక్షణమే కలహమునకు పురికొల్పు తిట్లకు రక్షణ లేదని చెప్పియుండెను. వ్యవస్థను తిట్టుట వేరు, ఎదుట నిలిచిన మనిషిని తిట్టుట వేరు అను విభాగము ఈ రెండింటిని సమన్వయించును.

కులదూషణము

భారతదేశమున ఈ విభాగము మరింత లోతుగా సాగినది. అంటరానితనము రాజ్యాంగపు 17వ అధికరణముచే నిషేధింపబడినను, కులము పేరుతో తిట్టుట చిరకాలము గ్రామములలో మామూలు మాటగానే చెల్లినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల శాసనము 1976లో పౌరహక్కుల రక్షణ శాసనముగా మారినది. 1989 నాటి షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక శాసనము బహిరంగదృష్టికి అందుచోట బుద్ధిపూర్వకముగా అవమానించుటను ఆరు నెలలనుండి ఐదేండ్ల వరకు కారాగారశిక్షకు తగిన నేరముగా చేసినది. 2015 సవరణచే కులము పేరుతో దూషించుట ప్రత్యేకముగా పేర్కొనబడినది. బహిరంగమున బూతు పలికినవానికి గరిష్ఠశిక్ష మూడు నెలలే కాగా, కులదూషణమునకు కనిష్ఠశిక్షయే ఆరు నెలలగుట శాసనదృష్టి చెవి సిగ్గునుండి మనిషి గౌరవమునకు మరలినదనుటకు నిదర్శనము.

ఒక మాట కులము పేరే యైనంత మాత్రమున దానితో తిట్టుట నిర్దోషము కాదని 2008లో స్వరణ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చినది. ఆ మాట నేడు ఏ భావముతో వాడబడుచున్నదనునదే ముఖ్యము. ఇతరులెవ్వరును లేని నాలుగు గోడల నడుమ పలికినది ఈ సెక్షను క్రిందకు రాదని 2020లో హితేశ్ వర్మ వ్యాజ్యమున చెప్పినది. ఇంటి పనివారికి అవమానము ఎక్కువగా నాలుగు గోడల నడుమనే జరుగును గనుక ఈ పరిమితి విమర్శకు గురియైనది.

శాసనము చేయలేని పనిని ఉద్యమము చేసిన దృష్టాంతమును తెలుగునాటనే చూడవచ్చును. 1994 జూలైలో ప్రకాశము జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమమున కార్యకర్తలు ‘మాదిగ’ యను కులనామమును తమ పేళ్ళ చివర బాహాటముగా చేర్చుకొనిరి. రెడ్డి, చౌదరి, శర్మ అను మాటలు పేరునకు అలంకారములైనచో, తమ కులనామము తిట్టుగా ఏల మిగులవలెనను ప్రశ్న అందు ఇమిడియున్నది. అయినను ఆ మాటను తనకు తాను చేర్చుకొనువానికి గల హక్కు, దానిని ఈసడింపుగా వాడువానికి సంక్రమింపదు. ఒకే పదము ఒకని నోట పతాకమై, మరియొకని నోట నేరమగుట విరుద్ధముగా కనబడినను, వక్తృభేదమును గుర్తింపని సమానత్వము ఇచ్చట సమానత్వము కానేరదు.

హాస్యము, ప్రజాజీవనము

2016 నాటి దివ్యాంగుల హక్కుల శాసనపు 92వ సెక్షను అంగవైకల్యముగలవారిని బహిరంగముగా అవమానించుటకు, కులదూషణమునకు చెప్పిన శిక్షనే విధించినది. నత్తిని, మెల్లకన్నును, పొట్టితనమును నవ్వులకు ముడిసరుకుగా వాడుకొన్న తెలుగు చలనచిత్రములకు లోటు లేదు. 2024లో నిపుణ్ మల్హోత్రా వ్యాజ్యమున సుప్రీంకోర్టు, వైకల్యమును అర్థము చేయించు హాస్యమునకును, వైకల్యముగలవానిని చిన్నబుచ్చు హాస్యమునకును భేదము చూపి, నిషేధమునకు బదులు చలనచిత్రనిర్మాతలు పాటింపదగిన మర్యాదలను సూచించినది.

పార్లమెంటునందును, శాసనసభలయందును సభ్యుల మాటపై న్యాయస్థానములకు అధికారము లేకుండ రాజ్యాంగపు 105, 194 అధికరణములు రక్షణ కల్పించినవి. లోకసభలో అనుచితపదములను రికార్డునుండి తొలగించు అధికారము 380వ నియమముచే స్పీకరునకు కలదు. చట్టముచే రక్షింపబడినవారికి మర్యాద నేర్పవలసినది సభయే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల వాగ్వాదములు తరచుగా వ్యక్తిగతదూషణమునకు దిగుట, ప్రత్యర్థుల కుటుంబములలోని స్త్రీలు అందు లక్ష్యములగుట, స్వాతంత్ర్యము హక్కుగా గల చోటనే సంయమము ఎంత అవసరమో తెలుపుచున్నది.

పర్యాలోచనము

పై చరిత్రనుండి ఒక సూత్రము తేలుచున్నది. ఒక మాటను అణచవలెనా, సహింపవలెనా యను విచారమున అది చెవికి ఎంత కటువు అనునది చిన్నప్రశ్న. ఎవడు ఎవనిపై ఏ బలముతో ప్రయోగించుచున్నాడనునది పెద్దప్రశ్న. చిన్నప్రశ్ననే పట్టుకొన్న కాలమున ముద్దుపళని కావ్యము బంధింపబడినది, పాలేరునకు జరిగిన అవమానము వార్త కూడ కాలేదు. పెద్దప్రశ్నను అడుగ నేర్చినపిమ్మటనే మోటుమాట విడుదలయైనది, కులదూషణము బోనెక్కినది.

అయినను సమకాలిక సమాజ ప్రమాణము అను నేటి పరీక్షలో ఒక చిక్కు మిగిలియున్నది. 1911లో ‘రాధికా సాంత్వనము’ను ఖండించినవారును తమ కాలపు సమాజ ప్రమాణమునే చెప్పితిమని నమ్మిరి, కాని ఆ సమాజమున నాగరత్నమ్మ మాట లెక్కకు రాలేదు. ప్రమాణమును నిర్ణయించు సభలో మాటకు గురియగువారికిని, మాటాడ నిషేధింపబడినవారికిని చోటున్నప్పుడే ఆ పరీక్ష న్యాయమగును. లేనిచో అది బలవంతుల అభిరుచికి మరియొక పేరగును.